పర్లాకిమిడి అటక, బరంపురం ఫ్లాటు

ఒడిశాలోని పర్లాకిమిడిలో పెంకుటిల్లు వదిలి, అదే రాష్ట్రంలోని బరంపురంలో రెండు పడక గదుల ఫ్లాటులోకి మేము వచ్చి ఏడాది కావస్తోంది. మమ్మల్ని చూడవచ్చిన బంధువులలో దాదాపు అందరూ, కాఫీ గ్లాసు చేతికి అందకముందే చుట్టూ ఒకసారి పరికించి, "అంత సామానూ ఏం చేశారమ్మా?" అని అడిగారు. ఆ అడగడంలో ఆశ్చర్యం కొంత, అనుమానం కొంత ఉండేవి. ఆ సామానులో తమ పెద్దల వాటా కూడా ఉందని వారికి తెలుసు మరి. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిన జవాబులను ఒకచోట చేర్చి పెడితే, ఇదే పని ముందున్నవారికి ఉపయోగపడవచ్చునని ఇది వ్రాస్తున్నాను.

ఊరు మారడానికి కారణాలు అందరి ఇళ్ళలో ఉండేవే. అత్తగారికి ఎనభై ఏళ్ళు దాటాయి, ఆవిడ వైద్యానికి తరచుగా బరంపురం రావలసి వస్తోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు లేచిపోయిన పెంకులను తిరిగి నేయించినా, దూలాలలోకి దిగిన చెమ్మ తగ్గలేదు. మావారు, ఆయన అన్నదమ్ములు ముగ్గురూ తలొక ఊళ్ళో స్థిరపడినవారే కనుక ఇల్లు అమ్మడానికి అందరూ ఒప్పుకున్నారు. మిగిలింది సామాను.

సామాను తగ్గించుకోవడం గురించి నేను ముందుగా చదివిన సలహాలలో ఎక్కువ భాగం, ఒక్కొక్క వస్తువును చేతిలోకి తీసుకుని అది మనకు సంతోషాన్ని ఇస్తున్నదా లేదా అని ప్రశ్నించుకోమన్నాయి. తన డబ్బుతో, తన ఇష్టప్రకారం కొనుక్కున్న వస్తువుల మధ్య బతికేవారికి ఆ ప్రశ్న సరిపోతుందేమో. మా అటక మీది సామానులో నేను కొన్నది పదోవంతు కూడా ఉండదు. నలుగురు పడితే గాని కదలని ఇత్తడి గంగాళం ఎవరికీ ఎన్నడూ సంతోషం కలిగించలేదు. తోమవలసినవారికి ఏడుపు మాత్రం తెప్పించింది. అయినా అది మూడు తరాల పాటు ఆ ఇంట్లో ఉంది. ఎందుకు ఉన్నదని ఆలోచించినప్పుడు నాకు వేరొక ప్రశ్న దొరికింది. ఈ వస్తువు ఈ ఇంట్లో ఏ పని చేసింది, ఆ పనిని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? ఆ పనిని అంగడో, బ్యాంకో, వంట కాంట్రాక్టరో చేస్తున్నట్లయితే వస్తువు పోవచ్చు. ఆ పని ఇంకా మన చేతుల్లోనే ఉంటే వస్తువు ఉండాలి.

ఈ లెక్కన చూడగా, పర్లాకిమిడి ఇంట్లో సగానికి సగం చోటు ఆక్రమించింది ఏడాది తిండిని దాచే సామాను. సంక్రాంతి దాటాక ధాన్యం, మాఘ ఫాల్గుణాలలో చింతపండు, ఎండలు ముదిరాక ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఇలా ప్రతి ఋతువుకూ ఇంట్లో ఒక మూల కేటాయించి ఉండేది. గజపతి కొండల మీది సవర ఊళ్ళ నుంచి సంతకు దిగే చింతపండును మా ఇంట్లో గంపలకొద్దీ కొనేవారు. చింతపండు అంటే ఒక్క కుండ అని అనుకోకూడదు. గింజ తీయడానికి కత్తిపీటలు, రాళ్ళు, ఎండబెట్టడానికి ఈతచాపలు, చాపలను చుట్టి దాచడానికి వాసానికి వ్రేలాడే తాళ్ళు, ఉప్పు కలిపి కుక్కడానికి జాడీలు, జాడీల మూతికి కట్టడానికి పాత పంచెల ముక్కలు, ఆ ముక్కలను దాచడానికి మరొక మూట. ఒక్క అలవాటు ఇన్ని వస్తువులను మోస్తూ ఉంటుంది. ఒక్కొక్క చాపను, ఒక్కొక్క జాడీని చూసి బాధపడుతూ కూర్చుంటే పని సాగదు. ఏడాది చింతపండు కొనడం మానుకున్నామని ఒక్కసారి నిర్ణయించుకుంటే, దాని వెనుక ఉన్న పరివారమంతా తనంత తాను లేచిపోతుంది. బరంపురంలో బడాబజారు మా ఇంటికి దగ్గర. నెలకు అరకిలో చింతపండు తెచ్చుకుంటున్నాము.

ఈ నిర్ణయాన్ని అత్తగారు తేలికగా ఒప్పుకోలేదు. "ఏ పూటకి ఆ పూట కొనుక్కుని తినేవాళ్ళని మా రోజుల్లో ఏమనేవారో నీకు తెలీదమ్మా" అన్నారు. ఆవిడ చెప్పినది నిజం. ఆవిడ కాపురానికి వచ్చిన కాలంలో గాదె నిండా ధాన్యం, జాడీల నిండా పచ్చడి ఉండడం గౌరవం. శేరు బియ్యం కోసం చేట పట్టుకుని కోమటి కొట్టుకు వెళ్ళడం లేమికి గుర్తు. మనం ఇప్పుడు నిరాడంబరత అని ముచ్చటపడుతున్న ఖాళీ అల్మారా ఆవిడ కంటికి దారిద్ర్యంలా కనిపించడంలో వింత లేదు. నిల్వ ఉంచుకోవడం అప్పట్లో అత్యాశ కాదు, వానాకాలంలో దారులు తెగిపోయే ఊళ్ళో తప్పనిసరి జాగ్రత్త. పెద్దవాళ్ళున్న ఇంట్లో సామాను సర్దేవారు ఈ తేడాను గుర్తుంచుకుంటే సగం తగవులు తప్పుతాయి. మేము చివరకు మధ్యస్థంగా, ఆవకాయ మాత్రం ఇంట్లోనే ఏడాదికి సరిపడా పెట్టుకోవాలని, దానికి రెండు జాడీలు ఉంచుకోవాలని ఒప్పందానికి వచ్చాము.

విచిత్రమేమిటంటే, ఆ ఇంట్లో అందరికన్నా నిరాడంబరంగా బతికినది అత్తగారే. అటక, కొట్టుగది, భోషాణం ఖాళీ చేయడానికి మాకు వారాలు పట్టింది గాని, ఆవిడ సొంతమని చెప్పదగినవన్నీ ఒక చిన్న ట్రంకు పెట్టెలో ఇమిడిపోయాయి. కట్టుకునే నూలు చీరలు, పెళ్ళినాటి బరంపురం పట్టుచీర, మరచెంబు, జపమాల, కళ్ళజోడు, అంతే. కుంభం అంచు ఉన్న ఆ పట్టుచీర మడతల వెంట చీలడం మొదలైనా, దానిని ఎవరికి ఇవ్వాలో ఆవిడ ఎప్పుడో నిశ్చయించుకున్నారు కనుక మాకు ఆలోచించవలసిన అవసరమే రాలేదు. మిగిలినదంతా "ఇంటిది". ఆవిడ దానిని అరవై ఏళ్ళు కాపాడారు గాని, అది తనదని ఎన్నడూ అనుకోలేదు. నా బీరువాలోని చీరలు, చేతిసంచులు, వాడని క్రీము డబ్బాలు చూసుకుంటే, ఇల్లు నిండుగా ఉండడం వేరు, మనిషి పోగుచేసుకోవడం వేరు అని అర్థమైంది. ఇల్లు నిండడానికి కారణాలున్నాయి. నా బీరువా నిండడానికి తగ్గింపు ధరలు తప్ప మరో కారణం కనిపించలేదు.

ఇత్తడి సామాను గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ప్రాంతపు పాత ఇళ్ళలో అసలైన బరువు అదే. గుండిగలు, కాగులు, బిందెలు, గంగాళం, పెద్ద పళ్ళేలు, ఇవన్నీ పెళ్ళిళ్ళు, తద్దినాలు ఇంటి పెరట్లోనే జరిగిన కాలానికి చెందినవి. ఇప్పుడు వంటవాళ్ళు తమ అల్యూమినియం పాత్రలు, గ్యాసు పొయ్యిలు తామే తెచ్చుకుంటారు. మిగిలినవి టెంటు హౌసులో అద్దెకు దొరుకుతాయి. పైగా ఇత్తడి గిన్నెలో పులుపు వండాలంటే లోపల తగరపు పూత, అంటే కళాయి, ఉండి తీరాలి. లేకపోతే చింతపండు, మజ్జిగ వంటివి లోహంతో కలిసి చిలుము పడతాయి. వీధిలో తిత్తి ఊదుకుంటూ కళాయి వేసేవారు మా ఊళ్ళో కనిపించడం మానేసి చాలా కాలమైంది. ఆ పాత్రలు చేసిన రెండవ పని మరొకటుంది. కష్టకాలంలో వాటిని తాకట్టు పెట్టేవారు లేదా అమ్మేవారు. ఆడపిల్లకు సారెలో బిందెలు, పళ్ళేలు ఇవ్వడం వెనుక ఆ ముందుచూపు ఉండేది. ఇప్పుడు ఆ పని బ్యాంకు ఖాతా, ఇంత బంగారం చేస్తున్నాయి.

అమ్మదలచినవారికి ఒక చిన్న సూచన. అన్నిటినీ ఒకే కుప్పగా దుకాణానికి పట్టుకుపోతే, అంతా ఇత్తడి కిందనే తూకం వేస్తారు. ముందుగా ఇంట్లోనే ఇత్తడి, రాగి, కంచు వేరు చేసుకోవాలి. ఇత్తడిలో రాగితో కలిసేది తుత్తునాగం. కంచులో కలిసేది తగరం. తగరం ఖరీదైన లోహం గనుక కంచుకు ధర ఎక్కువ పలుకుతుంది. వేలితో కొడితే కంచు చాలాసేపు మోగుతుంది, ఇత్తడి త్వరగా ఆగిపోతుంది. అత్తగారు కళ్ళు మూసుకుని చప్పుడు విని చెబుతుంటే మేము చాక్‌పీసుతో గుర్తులు పెట్టుకున్నాము. రెండు బిందెలు, ఒక గుండిగ, పూజ సామాను, తినడానికి కంచు కంచాలు ఉంచుకున్నాము. గంగాళాన్ని నలుగురు అన్నదమ్ముల అంగీకారంతో కాటాకు వేయించి, వచ్చిన డబ్బు సమానంగా పంచుకున్నాము. అటక మీద గుడ్డలో చుట్టి ఉన్న ఒక ఇత్తడి చేప కూడా దొరికింది. గంజాం జిల్లా బెలగుంఠా పనివారు చేసే చేప అది. ఒంటినిండా అతుకులు ఉండడం వలన తోక పట్టుకుంటే నిజం చేపలాగే మెలికలు తిరుగుతుంది. దానికి ఇంట్లో ఏ పనీ లేదు, ఎన్నడూ లేదు. ఉంచుకున్నాము. నా సూత్రం దానికి వర్తించదు.

కొలతపాత్రల విషయంలో మాత్రం సూత్రం చక్కగా పనిచేసింది. గిద్ద నుంచి కుంచం వరకు వరుసగా ఉండేవి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కూలీలకు ధాన్యం కొలిచి ఇచ్చే కాలంలో కుంచానికి పని ఉండేది. కిలోల లెక్క వచ్చాక, ఆ తర్వాత పొలమే పోయాక, అది ఊరికే ఉండిపోయింది. సోల మాత్రం రోజూ పొద్దున అన్నానికి బియ్యం కొలవడానికి ఇప్పటికీ వాడుతున్నాము కనుక మాతో వచ్చింది. మానికను పర్లాకిమిడిలో మా పక్కింటి ఒడియా ఆవిడ అడిగి తీసుకున్నారు. మార్గశిర మాసంలో ఒడియావారు చేసే మాణబసా పూజలో కొత్త ధాన్యం నింపిన మాణనే, అంటే మానికలాంటి కొలతపాత్రనే, లక్ష్మిగా కొలుస్తారు. ఆవిడ ఇంట్లోని పాత మాణ పాడైపోయిందట. తనకు ఇంకా పని ఉన్న ఇంటికి ఆ మానిక చేరుకుంది. తీసుకున్నవారికి నిజంగా అవసరమైన వస్తువును ఇవ్వడానికి, వదిలించుకోవడానికి ఎవరి చేతిలోనో పెట్టడానికి చాలా తేడా ఉంది. రెండవది చేస్తే మన చెత్తను మరొకరి అటక మీదికి ఎక్కించినట్లే.

మార్గశిరం ప్రస్తావన వచ్చింది కనుక మరొక సంగతి. మేము సామాను తీసిన రోజులు సరిగ్గా మార్గశిర లక్ష్మివారాల, అంటే గురువారాల, మధ్యన పడ్డాయి. ఆ వారాలలో ఇల్లు కడిగి ముగ్గులు పెట్టి శుభ్రంగా ఉంచాలని నియమం. లక్ష్మివారం నాడు ఇంట్లోని సొత్తు బయటకు పోకూడదని మరొక నియమం. ఇల్లు శుభ్రం చేయమంటున్న పండగే వస్తువును గడప దాటనీయకపోవడంతో పాత సామాను కొనేవాడిని బుధవారమో, శుక్రవారమో రమ్మని బతిమాలవలసి వచ్చింది. భోగి మంట వరకు ఆగి విరిగిన కుర్చీలు, బల్లలు అందులో వేసేయమని కొందరు సలహా ఇచ్చారు. చీకిన కర్ర వేస్తే తప్పులేదు. రంగు వేసిన బల్లచెక్కలు, రెక్సిను, ప్లాస్టిక్కు వేసి ఆ పొగను చలిమంట కాచుకుంటున్న పిల్లల ముఖాన కొట్టడం ఏ శాస్త్రంలోనూ లేదు.

కాగితాలకు పట్టినంత సమయం మరి దేనికీ పట్టలేదు. మా ఇల్లు ఉన్నచోటి నుంచి అంగుళం కదలలేదు గాని, కాగితాలలో దాని చిరునామా మాటిమాటికీ మారింది. అన్నిటికన్నా పాత దస్తావేజులో మద్రాసు రాజధాని (అంటే ప్రెసిడెన్సీ), గంజాం జిల్లా అని ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరిన తర్వాతి కాగితాలలో ఒరిస్సా, గంజాం జిల్లా. 1992 అక్టోబరు 2న గజపతి జిల్లా విడివడిన తర్వాతి వాటిలో గజపతి జిల్లా. 2011లో ఒరిస్సా పేరు మారిన తర్వాతి వాటిలో ఒడిశా. మామగారి తండ్రి సంతకం తెలుగులో, మామగారిది ఇంగ్లీషులో, మావారిది ఒడియాలో. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్పి, 1936లో ఊరు ఒరిస్సాలో చేరినప్పుడు, డెబ్బై దాటిన వయసులో రాజమహేంద్రవరం తరలిపోయారు. ఆ వయసులో, ఆయన దగ్గర ఉండి ఉండవలసిన పుస్తకాలతో, సవర భాష మీద చేసిన పని తాలూకు కాగితాలతో ఇల్లు మారడమంటే ఎంతటి పనో ఇప్పుడు నేను ఊహించగలను. మా మామగారి తండ్రి మాత్రం కదలలేదు. అందుకే ఆ కాగితాలన్నీ మా నెత్తిన పడ్డాయి.

పాతవి గదా అని దస్తావేజులను తీసివేయడం ప్రమాదం. ఇల్లు కొన్నవారి వకీలు, ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో వరుస తప్పకుండా చూపమని, అన్నిటికన్నా పాతదానినే ముందు అడిగారు. అమ్మకం పూర్తయ్యాక ఆ అసళ్ళన్నీ కొన్నవారికే వెళ్ళిపోయాయి కనుక, వాటి నకళ్ళు, మేము వ్రాసి ఇచ్చిన విక్రయ దస్తావేజు నకలు, పన్ను లెక్కలకు కావలసిన కాగితాలు మాత్రం మా దగ్గర మిగిలాయి. అంత బరువైన పెట్టె ఒక పలుచని ఫైలుగా మారడానికి మేము చేసిన త్యాగమేమీ లేదు. అసలు కాగితాలు చిరుగుతున్నాయని లామినేషను చేయించేవారికి నా మనవి: దయచేసి చేయించవద్దు. ఆ వేడికి, ఆ ప్లాస్టిక్కుకు అంటుకున్న పాత కాగితాన్ని తిరిగి విడదీయడం సాధ్యం కాదు. స్కాను చేయించి, అసలును మెత్తని కాగితం మధ్య చదునుగా ఉంచితే చాలు. 2015లో వచ్చిన డిజిలాకరులో ఆధారు, డ్రైవింగు లైసెన్సు వంటివి పెట్టుకోవచ్చు గాని, ఆస్తి దస్తావేజు అసలుకు అది బదులు కాదు.

మిగిలిన కాగితాలలో జమీందారీ కాలపు శిస్తు రసీదులు, మూతపడిన ఖాతాల పాసు పుస్తకాలు, ఏనాడో పాడైన ఫ్యాను గ్యారంటీ కార్డు, రేడియో వినడానికి పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టి తీసుకోవలసి వచ్చిన కాలపు లైసెన్సు పుస్తకం ఉన్నాయి. ఎస్టేట్ల రద్దు తర్వాత శిస్తు రసీదులకు పని లేకపోయినా, వాటిలో ఒకటి, రేడియో లైసెన్సు ఒకటి పిల్లలకు చూపించడానికి ఉంచి, మిగిలినవి చింపివేశాము. తెలుగు పుస్తకాల సంగతి ఇంతకన్నా కష్టం. మా పిల్లల తరం తెలుగు మాట్లాడుతుంది గాని, బడిలో ఒడియా, ఇంగ్లీషు చదివినవారు కనుక చదవడం అంతంత మాత్రం. పుస్తకాలను కట్టగా కట్టి ఎవరికో ఇచ్చేయడానికి మనసొప్పక, చదివేవారిని ఒక్కొక్కరిని ఇంటికి పిలిచి, తమకు కావలసినవి ఏరుకోమన్నాము. ఎవరూ ఏరుకోనివి ఫ్లాటులో నా మంచం పక్కనే ఉన్నాయి.

"ఎప్పుడైనా పనికొస్తుంది" అని ఏ వస్తువునూ దాచవద్దని నేటి సలహాదారులు గట్టిగా చెబుతారు. వారు తుపాను తీరంలో ఉండేవారు కారని నా అనుమానం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. గోపాలపురం బరంపురానికి కూతవేటు దూరం. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. తిత్లీ అనుభవం మాకు పర్లాకిమిడిలో ప్రత్యక్షం. మూడవ అంతస్తులో కరెంటు పోవడమంటే మోటారు ఆగడం, లిఫ్టు ఆగడం. నేల మీద ఇల్లున్నవారికి కనీసం పెరట్లో నుయ్యి ఉంటుంది. అందుకనే ఆ రెండు ఇత్తడి బిందెలు. వాతావరణ హెచ్చరిక వినగానే వాటిని, మూతలున్న మరో రెండు ప్లాస్టిక్కు డ్రమ్ములను నింపి పెడతాము. టార్పాలిను, నైలాను తాడు, ఛార్జింగు లైటు, అగ్గిపెట్టెలు, అటుకులు, బెల్లం, అత్తగారి మందులు, ఆ ఫైలు, ఇవన్నీ ఒకే పెట్టెలో తలుపు పక్కన ఉంటాయి. హరికేన్ లాంతర్లు వరుసగా ఉండేవి. కిరసనాయిలు దొరకడమే గగనమైనప్పుడు లాంతరు ఉండి లాభం లేదు కనుక అవి వెళ్ళిపోయాయి. ఏడాదిలో ఒక్కసారైనా తెరవనిది అనవసరమనే కొలబద్ద ఈ పెట్టెకు పనికిరాదు. తెరవవలసిన అవసరం రాకుండా ఏళ్ళు గడిస్తే సంతోషమే.

తక్కిన వాటి సంగతి త్వరగా చెప్పేస్తాను. రుబ్బురోలు, తిరగలి కదిలించే పని పెట్టుకోలేదు, ఇల్లు కొన్నవారికి వదిలేశాము. పందిరిమంచం టేకు కర్రతో వడ్రంగి రెండు బల్లలు, పుస్తకాల అర చేసిచ్చాడు. పాత నూలు చీరలతో బొంతలు కుట్టించాము. విరిగిన దేవుడి పటాల అద్దాలు, ఫ్రేములు విడదీసి, కాగితాన్ని మట్టిలో పాతిపెట్టాము. రావిచెట్టు మొదట్లో వదిలేసి వెళ్ళడం నాకు మొదటి నుంచీ నచ్చదు, అక్కడ వాటిని ఆవులు, కుక్కలు తొక్కుతాయి. డబ్బా టీవీ గాజులో సీసం ఉంటుంది కనుక, రాళ్ళతో పగలగొట్టి రాగి తీగ తీసుకునేవారికి ఇవ్వకుండా, మావారు దానిని కొత్త టీవీ కొన్న దుకాణంలో మార్పిడి కింద ఇచ్చారు.

వ్యాను పర్లాకిమిడి నుంచి పలాస, ఇచ్ఛాపురం మీదుగా, అంటే ఒడిశాలో బయలుదేరి ఆంధ్రలో నడిచి మళ్ళీ ఒడిశాలోకి వచ్చింది. ఒకే వ్యాను సరిపోయింది. దానిలో నిండా సగం పరుపులు, ఫ్రిజ్జు, బీరువా; అంటే, ఎంత వదులుకున్నా మోసుకొచ్చినది ప్రధానంగా ఈ కాలపు సామానే.

ఫ్లాటులో రోజు గడిచే తీరు మారింది. తోమవలసినవి, దులపవలసినవి తగ్గాయి, పొద్దున ఒక గంట మిగిలింది. పనిమనిషి మావుసీ కూడా సంతోషంగా ఉంది. కానీ అంగడికి వెళ్ళే పని పెరిగింది; నిల్వ లేని ఇంట్లో ఉప్పు అయిపోవడం ఒక సంఘటన. నలుగురు చుట్టాలు ఒకేసారి వస్తే పరుపులు చాలవు, కంచాలు చాలవు, మావారు దుప్పటి పరచుకుని హాలులో పడుకుంటారు. ఈ ఇబ్బందిని సామాను కొని తీర్చుకోవద్దని ఇప్పటికి అనుకున్నాము. పక్క ఫ్లాటు ఒడియావారికి, మాకూ మధ్య పెద్ద కుక్కరు, మడత మంచం, నిచ్చెన అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఇంటికొక నిచ్చెన ఎందుకో ఇదివరకు నేనూ ఆలోచించలేదు.

అసలు కష్టం ఖాళీ చేయడంలో కన్నా ఖాళీగా ఉంచడంలో ఉంది. ఇంత శ్రమపడి వచ్చాక గృహప్రవేశం చేశామా, ఆ ఒక్క పూటలో ఇంటికి గోడ గడియారాలు, గాజు గిన్నెల సెట్లు, వినాయకుడి బొమ్మలు, స్టీలు డబ్బాలు వరుసకట్టి వచ్చాయి. బహుమతులు తేవద్దని పిలుపులోనే చెప్పాలని నేనంటే, అత్తగారు వినలేదు. చేతులూపుకుంటూ రమ్మని చుట్టాలకు చెప్పడం మన మర్యాద కాదన్నారు. ఆవిడ మాట కాదనలేదు, కానీ ఇచ్చే వైపు నుంచి ఒక మార్పు తెచ్చాము. ఎవరింట శుభకార్యానికైనా కొత్త వస్తువు కొని తీసుకువెళ్ళకుండా, నగదు గాని, తినే వస్తువు గాని ఇస్తున్నాము. మావారి మేనకోడలి పెళ్ళికి మాత్రం ఉంచుకున్న గుండిగను మెరుగు పట్టించి, అమ్మమ్మ చేతి మీదుగా ఇప్పించాము. ఆ పిల్ల హైదరాబాదులో దానిలో ఏం వండుతుందో గాని, అడిగి మరీ పుచ్చుకుంది. స్టీలు డబ్బాలు గుడి వంటశాలకు వెళ్ళాయి. గోడ గడియారాలు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. శ్రావణంలో మా వైపు వరుసగా పెళ్ళిళ్ళున్నాయి కనుక, ఇచ్చినవారి ఇంటికే తిరిగి వెళ్ళకుండా ఒక్కొక్క పెట్టె మీద ఎవరు తెచ్చారో చీటీ వ్రాసి అంటించాను.